జపానోళ్ళ బియ్యం

నేను పద్మనగర్‌లో ఉన్న ఏళ్ళన్నీ ఒకే చోట అన్నం తిన్నాను. పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి మరమగ్గాల పనికి వచ్చిన మగవాళ్ళు నెలకింతని కట్టి రెండు పూటలా తినే ఇళ్ళు ముంబయి పక్కనున్న ఈ భివండీలో వాడకొకటి ఉంటాయి. వాటిని బిస్సీలు అంటారు. నేను తిన్న బిస్సీని ఒక అక్క నడిపేది. వరుసకు అక్క కాదు, మా కులం కాదు, మా ఊరు కాదు. జిల్లా ఒక్కటే. మొదటి రోజు గడపలో నిలబడి లోపలికి తొంగి చూస్తుంటే "గట్ల చూస్తవేంది తమ్మీ, కూసో" అంది. కూర్చున్నాను. చుట్టరికం అక్కడే మొదలైంది.

దాన్ని అందరూ మిలిటరీ బిస్సీ అనేవారు. ఆ పేరు నా వల్ల వచ్చింది కాదు. నేను సైన్యంలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణే కానీ, నేను రాకముందే ఆ పేరు ఉంది. పొయ్యికి ఎదురుగోడ మీద, దేవుళ్ళ పటాల వరసలోనే, రెండు పెద్ద మేకుల మీద ఒక పాత రైఫిల్ అడ్డంగా ఉండేది. నిలువెల్లా పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు. అక్క భర్త రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాకు పోయి, జపాను సైనికుల మీద పేల్చి, ఇంటికి తెచ్చుకున్న తుపాకి అని చెప్పేవారు. అక్కను అక్కా అన్నాను కాబట్టి ఆయన నాకు బావ అయ్యాడు.

నా సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. రిటైరయ్యే ముందే భార్య పోయింది. పిల్లలు లేరు. ఊళ్ళో ఇల్లు అన్నదమ్ముల పాలైంది. తెలిసినవాళ్ళు భివండీ పక్కనే కాశేలిలో ఒక గోదాముకు కావలి పని ఇప్పించారు. పగలంతా గేటు దగ్గర ఇనుప కుర్చీలో కూర్చోవడం. లారీలవాళ్ళు నాతో మాట్లాడేవారు కానీ ఆ మాట ఎప్పుడూ "గేట్ ఖోల్" అన్నదే. వరసగా గదులుండే చాల్‌లో నా గదికి తిరిగి వచ్చి తాళం తీసి, మళ్ళీ తాళం వేసి బిస్సీకి పోయేవాణ్ణి. "ఇయాల లేటైందేంది" అని ఒక మనిషి అడగడం కోసం పోయేవాణ్ణంటే అబద్ధం కాదు. రొట్టె కూడా బాగుండేదనుకోండి.

ఆ రైఫిల్‌ను మొదటి రోజే చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? బతుకంతా వాటి పేగులు తీసి కడిగినవాణ్ణి. తూటాను లోపలికి తోసే బోల్టు దానికి లేదు. అది లేని తుపాకి కట్టెతో సమానం. అయినా ఏ సైన్యమూ సిపాయికి రైఫిల్ ఇచ్చి ఇంటికి పంపదు. బూటు పోతేనే నెల రోజులు జవాబు చెప్పుకోవాలి. ఇదంతా నోటిదాకా వచ్చింది. కానీ ఆకలిగా ఉంది, జొన్నరొట్టె వేడిగా ఉంది, పైగా నన్నెవరూ అడగలేదు. నేను ముక్కుసూటి మనిషినే కానీ అడగనివాళ్ళకు చెప్పేంత ఉత్సాహం నాకు లేదు.

బావ ఇంకా ఉన్న రోజులవి. మగ్గాల మోతకు చెవులు పోయిన మనిషి. తను చెప్పడమే తప్ప వినడం ఉండేది కాదు, కథకు అది బాగా కలిసొచ్చింది. కొత్తగా ఎవడు తినడానికి వచ్చినా వాడి ముందు పీట వేసుకుని మొదలుపెట్టేవాడు.

"వాన అంటే ఏం వాన! ఆకుల మీదికెల్లి జలగలు మీద పడుతుండె. నీళ్ళు పోకుంట తుపాకి మూతికి గుడ్డ కట్టేటోళ్ళం."

పాతవాళ్ళు తలవంచుకుని నవ్వుతూ తినేవారు. నేను మాత్రం ఆ గుడ్డ దగ్గర ఆగేవాణ్ణి. వానల్లో గొట్టం తుప్పు పట్టకుండా మూతికి గుడ్డ కట్టడం నిజమే. మగ్గం పనివాడికి అది ఎలా తెలిసింది? ఎవరైనా చెబితే విన్నాడా? ఆయనతోనే తేల్చుకుందామని రెండుసార్లు ప్రయత్నించాను. నేను అరిచి అడిగినదానికి ఆయన "ఆఁ, బియ్యం ధర పెరిగింది" అన్నాడు.

ఆ కథకు ఒక చివర ఉంది. అక్కడికి వచ్చేసరికి బావ గొంతు తగ్గేది. "ఇద్దరు. ఒకనెనుక ఒకడు వాగు దాటుతుండ్రు. నేనే కొట్టిన. దగ్గరికి పోయి చూస్తే మీసం గూడ రాలేదు వాళ్ళకు." అంతే. కంచంలో చెయ్యి కడుక్కుని బయటికి పోయి గల్లీలో గోడవైపు తిరిగి నిలబడేవాడు. ఆ క్షణంలో ఆయన్ని ఎగతాళి చేసినవాణ్ణి నేను చూడలేదు.

అక్కకు ఆ కథ పెళ్ళయిన కొత్త నుంచే తెలుసు. దానితో పాటే ఆమె కాపురం చేసింది. ఏటా బతుకమ్మలు మొదలయ్యే అమావాస్యను మావైపు పెత్రమాస అంటారు. ఆ రోజు చనిపోయిన పెద్దల పేరున అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు మిరపకాయలు ఇస్తాం. పేరూ గోత్రమూ చెబితే ఆయన మంత్రం చదివి తీసుకుంటాడు. అక్క అత్తమామలకు ఇచ్చేది, తల్లిదండ్రులకు ఇచ్చేది, ఆ తర్వాత మరో రెండు భాగాలు ఇచ్చేది. అవి వాగు దాటుతూ పోయిన ఆ ఇద్దరికి. మొదటిసారి అయ్యగారు తెల్లబోయాడట. పేర్లు లేవు, గోత్రం లేదు. చివరికి గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యపస గోత్రం చెప్పవచ్చని ఆయనే దారి చూపించాడు. అలా జపాను పిల్లలిద్దరూ కాశ్యపస గోత్రీకులయ్యారు. వాడలో దాన్ని జపానోళ్ళ బియ్యం అనేవారు.

వాళ్ళ భాగాల్లో అక్క ఒక దోసెడు ఎక్కువే పోసేది. ఎందుకని ఒకసారి అడిగాను. "ఎదిగే పిల్లలు తమ్మీ, ఆకలెక్కువుంటది" అంది.

అక్కకు పిల్లలు కాలేదు. ఆ ఇద్దరి తల్లుల ఉసురు తగిలి తన కడుపు పండలేదని ఆమె నమ్మకం. ఏడుస్తూ చెప్పేది కాదు. పిండి పిసుకుతూ, నీళ్ళ ట్యాంకరు రాలేదని చెప్పినట్టే చెప్పేది.

ఒక వానాకాలంలో బావ పోయాడు. బిస్సీ మూడు రోజులు మూతపడి మళ్ళీ తెరుచుకుంది. కొత్తవాళ్ళకు కథ చెప్పే పని అక్క మీద పడింది. ఆమె ఎప్పుడూ క్లుప్తంగా చెప్పేది. ఆ చివర మాత్రం చెప్పేది కాదు.

ఆ తర్వాతి ఏడు, పెత్రమాస దగ్గర పడుతుండగా ముంబయి నుంచి ఒక పాతసామాన్ల వ్యాపారి వచ్చాడు. పాత గడియారాలు, గ్రామఫోన్లు, ఇత్తడి దీపాలు కొని పెద్ద హోటళ్ళకు అమ్మేవాడు. ఎవరో చెబితే తుపాకి చూడటానికి వచ్చాడు. మర్యాదస్తుడే. యుద్ధం చూసిన తుపాకి అయితే దానికి ఒక విలువ ఉంటుందనీ, చూడకపోతే గోడకు తగిలించే అలంకారమనీ, ఎవరైనా తెలిసినవాళ్ళతో చూపించి పెట్టమనీ చెప్పిపోయాడు.

మర్నాడు నేను తింటుంటే అక్క ఎదురుగా కూర్చుంది. అలా కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు.

"తమ్మీ, నువ్వు గీ పనిలనే ఉంటివి గద. ఒకపారి చూసి చెప్పు."

"అమ్ముతవా?"

"అమ్ముడు గాదు. ఆయన తాగి మస్తు అబద్ధాలు చెప్పిండు నాకు. కార్ఖానల పైసలు ఇయ్యలేదనె, ఇచ్చిండ్రు. తాగననె, తాగిండు. గదొక్కటి మాత్రం నిజమే అనుకున్న. గా ఇద్దరి కోసం ఇన్నేండ్లు బియ్యం ఇచ్చిన. నిజంగ సంపిండా లేదా, నాకు తెల్వాలె."

అప్పుడు నేను లేచి వెళ్ళిపోయి ఉండాల్సింది. కానీ ఏళ్ళ తర్వాత ఒక మనిషి నా పని గురించి నన్ను అడిగింది. లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు. నా సెలవు రోజు మధ్యాహ్నం చూస్తానన్నాను.

ఆ రోజు తినేవాళ్ళు వెళ్ళిపోయాక తుపాకిని కిందికి దించాం. గోనె మీద పడుకోబెట్టి, ఒక గిన్నెలో కిరోసిన్, పాత చీర ముక్క పెట్టుకున్నాను. గోడకు అవతలే మగ్గాల షెడ్డు. ఆ మోతలో పద్మనగర్‌లో ఎవరూ మామూలుగా మాట్లాడరు. పక్కనున్న మనిషితో కూడా అరిచే మాట్లాడతారు. మేమూ అంతే.

ముందు కర్ర చూశాను. పాత రైఫిల్ కర్ర మీద ముద్రలుంటాయి, గీతలుంటాయి, బండలకు కొట్టుకున్న గుంటలుంటాయి. అది ఎక్కడ తిరిగిందో సగం కర్రే చెబుతుంది. దీని కర్ర మాత్రం చంటిపిల్ల చెంపలా ఉంది. ఇదేంది అని అడిగితే అక్క గర్వంగా చెప్పింది. ప్రతి దసరాకు పూజకు ముందు బావ దాన్ని గరుకు కాగితంతో రుద్ది, మైనం పట్టించేవాడట. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే చెక్క నాడెను నేతపనివాళ్ళు అలాగే రుద్దుతారు, కాస్త గరుకున్నా పోగు తెగిపోతుంది కనుక. చెక్క చేతికొస్తే నున్నగా చేయకుండా ఉండలేని చేతులవి. ఉన్న విలువలో సగం ఆయన భక్తిగా తోమి తోమి పారబోశాడు. కర్ర చెప్పగలిగిన సాక్ష్యం కూడా ఆ పొడిలోనే పోయింది.

ఇక ఇనుము మిగిలింది. గొట్టాన్ని వెలుగుకు తిప్పి చూశాను. తూటా కూర్చునే చోట పక్క నుంచి ఒక చిల్లు వేసి ఉంది. అగ్గిపుల్ల పెడితే లోపలిదాకా పోయింది. కాలేజీ పిల్లల పరేడుకు ఇచ్చే తుపాకులకు అలా చిల్లు వేస్తారు, ఎవడూ పేల్చకుండా. కానీ చిల్లు తర్వాత కూడా వేసి ఉండవచ్చు కదా. నాకు ఇంకా ఆశ ఉంది. ఆశ అన్న మాట కావాలనే రాస్తున్నాను. ఆ తుపాకి నిజమైనదైతే బాగుండునని నేను ఆ పూట కోరుకున్నాను.

కర్రకూ గొట్టానికీ మధ్య ఒక ఇనుప పట్టీ ఉంటుంది. తయారైన చోటూ ఏడూ తెలిపే గుర్తు దాని మీదే కొడతారు. అక్కడ పసుపు, కుంకుమ, నూనె ఏళ్ళ తరబడి పేరుకుని వేలి మందాన గట్టిపడ్డాయి. కిరోసిన్ గుడ్డ వేసి నానబెట్టి, చెంచా కొనతో మెల్లగా గీకాను. యుద్ధకాలం నాటిదైతే అక్కడ ఇంగ్లండు రాజుగారి కిరీటం ఉండాలి. పసుపు రేకులు రేకులుగా లేచింది. కింద నుంచి మూడు సింహాలు బయటపడ్డాయి.

గుడ్డతో ఇంకోసారి తుడిచి చూశాను. అక్క నా మొహం చూసింది. లేచి వెళ్ళి డబ్బాలోంచి ఒక రూపాయి బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను చెప్పకముందే ఆమె కళ్ళు పోల్చుకున్నాయి. రూపాయి మీద ఉన్న సింహాలే తుపాకి మీద ఉన్నాయి. స్వరాజ్యం వచ్చాక వచ్చిన గుర్తు అది. జపానుతో యుద్ధం ముగిసి అప్పటికి ఏళ్ళయింది.

"ఏమంటది?" అని అరిచింది అక్క.

నేను కూడా అరిచాను. "ఇది యుద్ధానికి పోలేదక్కా! బావ చెప్పింది అబద్ధం!"

సరిగ్గా మధ్యలో కరెంటు పోయింది. షెడ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. 'యుద్ధానికి పోలేదక్కా' అన్నది మోతలో కలిసింది. 'బావ చెప్పింది అబద్ధం' అన్నది గల్లీ చివరిదాకా వినిపించింది. గాలి కోసం షెడ్ల గుమ్మాల్లోకి వచ్చిన మనుషులు బిస్సీ వైపు తిరిగి చూశారు. భివండీలో నిశ్శబ్దం ఎంత పెద్దదిగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

అక్క గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"గట్లైతే మాకు పిల్లలెందుకు కాలేదు తమ్మీ?"

గుడ్డను గిన్నెలో పడేశాను. తుపాకి గురించి మాత్రమే నేను ఏదైనా చెప్పగలను. ఆ మాటే చెప్పాను. "అక్కా, ఈ తుపాకి పోలేదన్నదే నాకు తెలుసు. బావ పోయిండా లేదా దీనికి తెల్వదు. వేరే తుపాకితోని పోయి ఉండొచ్చు. ఇది తర్వాత ఏ పాత ఇనుము దుకాణంలనో కొని ఉండొచ్చు. మూతికి గుడ్డ కట్టే సంగతి ఆయనకు తెలుసు."

"నాకు పెండ్లికి ముందు ఆయన ఎన్నో ఏండ్లు ఊర్లె లేడంట" అంది. "మిలిటరీల ఉన్నడని అన్నరు. యాడ ఉన్నడో ఎవలు చూసిండ్రు."

చేతులు కొంగుకు తుడుచుకుంది. తుపాకిని మళ్ళీ మేకుల మీద పెట్టమంది. గీకిన చోట ఇనుము నల్లగా, పచ్చిపుండులా కనిపించింది.

తర్వాత రోజులు బాగా లేవు. చిల్లు సంగతి కూడా పాకింది, కుర్రాళ్ళు మిలిటరీ బిస్సీని పరేడు బిస్సీ అన్నారు. ఒకడు రొట్టె పట్టుకుని సెల్యూట్ చేశాడు. వాణ్ణి బయటికి లాగి నాలుగు మాటలు అన్నాను, దానివల్ల నవ్వు ఇంకా పెరిగింది. అక్క కొత్తవాళ్ళకు కథ చెప్పడం మానేసింది. నాకు వడ్డించడం మానలేదు. కానీ "లేటైందేంది" అని అడగడం మానేసింది. నేను కావాలని ఒకరోజు బాగా ఆలస్యంగా వెళ్ళాను. కంచం పెట్టి, రొట్టె వేసి, పొయ్యి వైపు తిరిగింది. ఈ వయసులో ఒక ప్రశ్న కోసం ఇంత ఏడుపు మొహం పెట్టుకోవడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే ఒంటరితనం తగ్గదు.

వ్యాపారి మళ్ళీ వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అలంకారం ధర చెప్పాడు. అక్క తల అడ్డంగా ఊపింది.

పెత్రమాస వచ్చింది. పొద్దున్నే వెళ్ళి గుడి బయట నిలబడ్డాను. నా తల్లిదండ్రులకూ భార్యకూ ఇవ్వాలి కాబట్టి ఎలాగూ వెళ్ళాలి. కానీ నేను చూడదలచింది అక్క గంపలో ఎన్ని భాగాలుంటాయన్నదే. ఆమె నెత్తి మీద గంపతో వచ్చింది. నన్ను చూసి ఆగి, "పట్టు" అంది. గంప దించాను. బావ పేరున ఒకటి కొత్తగా చేరింది. ఆ చివరన, ఎప్పటిలాగే, దోసెడు ఎక్కువ పోసిన భాగాలు రెండూ ఉన్నాయి.

నేను అడగకముందే చెప్పింది. "సంపకపోతే వాళ్ళు యాడనో బతికే ఉంటరు, మంచిదే. సంపితే ఆకలితోని ఉంటరు. నేనేం తెల్సుకొని ఆపాలె?"

గంపలో భాగాలు సర్దింది. గుడి మెట్ల మీద రద్దీ ఎక్కువగా ఉంది.

"ఇంకోటి తమ్మీ. పొద్దుగాల లేచి రొట్టెలు కొడుతా వాళ్ళతోనే మాట్లాడుత. ఆయనకు చెవులు ఇనపడకపాయె. నాకు ఇంట్ల ఇంకెవరున్నరు?"

ఆ మాటకు గంపను నేనే ఎత్తుకున్నాను. కాశేలి గేటు దగ్గర నేను నా భార్యతో మాట్లాడతానని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కూడా చెప్పలేదు. చెప్పాల్సింది.

మరుసటి రోజు నేను వెళ్ళేసరికి "లేటైందేంది" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ అనుకుంది. దసరాకు తుపాకిని దించి, నన్నే రుద్దమంది. గరుకు కాగితం తీసుకుని నున్నటి కర్రను ఇంకా నున్నగా రుద్దాను. ఆర్మరర్‌గా నేను చేసిన పనుల్లో అంత తప్పు పని ఇంకొకటి లేదు. సింహాల మీద అక్క కొత్త పసుపు మెత్తింది.

కొన్నేళ్ళకు, మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయి తినేవాళ్ళు తగ్గిపోయిన రోజుల్లో, అక్క జ్వరంతో పడుకుని లేవలేదు. ఊరినుంచి మరిది కొడుకు వచ్చి అన్నీ ముగించాడు. ఓపికగా, బాధ్యతగానే చేశాడు. గిన్నెలు అమ్మాడు, గది ఖాళీ చేశాడు. తుపాకి ఇంట్లో ఉంటే పోలీసుల తలనొప్పి అని ఎవరో చెబితే భయపడి, పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు. నేను కాశేలి నుంచి వచ్చేసరికి అది పొయ్యి మీది పెనంతో కలిసి తూకానికి పోయింది. గోడ మీద రెండు మేకులు మిగిలాయి.

ఇప్పుడు నేను అన్నం నా గదిలోనే వండుకుంటాను. లేటైనా తొందరైనా ఒక్కటే. నేను పోయాక నాకు బియ్యం ఎవరిస్తారన్న ఆలోచన కూడా మెల్లగా మానేశాను.

అక్క పోయిన ఏడు పెత్రమాసకు గుడికి వెళితే కొత్త అయ్యగారున్నాడు. మా అమ్మానాన్నల పేర్లు చెప్పాను, భార్య పేరు చెప్పాను, అక్క పేరు, బావ పేరు చెప్పాను. చేటలో ఇంకా రెండు భాగాలు మిగిలాయి. దోసెడు ఎక్కువ పోసినవి.

"వీళ్ళ పేర్లు?"

"తెల్వదు."

"గోత్రం?"

"కాశ్యపస."

ఆయన తలెత్తి చూశాడు. "మీకేమవుతారు?"

"మేనల్లుండ్లు" అన్నాను.